ఎర్న్ కాదు

బెండిగోలో ఆదివారం సంత.
ఎండ ఇంకా పదునెక్కకముందే
డెస్మండ్ ప్రింగిల్ తన మడతబల్ల మీద
రెండు బూట్ల డబ్బాలు పెడతాడు.
ఒకదాని మీద అట్టముక్క: ఏదైనా ఒక డాలరు.
రెండోదానికి మూత. అడిగినవాళ్ళకే ధర.

వారమంతా నేను ఆసుపత్రి ల్యాబులో
గాజుపలకల మీద కణాలు చూసే మనిషిని.
అన్నీ సవ్యంగా ఉన్నచోట కన్ను నిలవదు.
వంకర తిరిగింది ఒక్కటి కనబడితే
పక్కనున్న కాఫీ చల్లారిపోతుంది.
అందుకే కాబోలు ఈ ముసలాయన
నన్ను శిష్యురాలిగా ఒప్పుకున్నాడు.

"నవ్వులు కొనకు" అన్నాడు మొదటి రోజే.
"సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని
వరసగా నిలబెట్టి తీసినవి
ఈ దేశంలో ప్రతి అటక మీదా ఉన్నాయి.
తల తెగిన పెళ్ళికొడుకు దొరికాడా, తీసుకో.
ఒకే ఫిల్ము మీద రెండుసార్లు పడి
గుర్రం కడుపులో వంటగది కనిపిస్తోందా, తీసుకో.
ఎవరో బ్లేడుతో గీకేసిన మొహానికి నలభై.
గీత శుభ్రంగా ఉంటే అరవై."

ఇంటివాళ్ళు నాలుక కరుచుకుని
ఆల్బమ్ చివరి పేజీల్లో దాచినవన్నీ
ఇక్కడ మూత కింద మహారాణులు.

నేర్చుకున్నాను.
రంపపు పళ్ళ అంచు చూసి దశాబ్దం చెప్పగలను.
ఊదా లైటు కింద తెల్లగా వెలిగే కాగితం
ఎంత పాతమొహం వేసినా తర్వాతి కాలానిదే.
తెలియనిది ఒక్కటే మిగిలింది:
తీసినవాడు అనుకోలేదు,
కెమెరాకి ఏమీ తెలియదు,
మరి "బాగుంది" అన్న మాట ఎవరి ఖాతాలో రాయాలి?
అడిగితే ఫ్లాస్కు మూత తిప్పుతూ
"చేప అందం చేపది, బేరం నాది" అన్నాడు.
అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

నిన్నటి సంతలో, డాలరు డబ్బా అడుగున
రబ్బరు బ్యాండు ఎండి అతుక్కుపోయిన కట్ట.
పదకొండు.
బట్టల తీగ, గొర్రెల కంచె, వరండా మెట్లు,
రేకు ట్యాంకు, మళ్ళీ బట్టల తీగ.
ప్రతిదాంట్లో కింద ఎడమ మూల
వెడల్పు టోపీ నీడ ఒకటి, గౌను అంచుతో సహా.
ఒక్కదాంట్లో ఉంటే పొరపాటనేదాన్ని.
ఆరో ఫోటోలో ఒక పిల్ల
కెమెరాని పట్టించుకోకుండా
ఆ నీడ తలని రెండు కాళ్ళతో తొక్కుతూ నవ్వుతోంది.
నవ్వులు కొనకూడదని నాకు గుర్తుంది.

ఆఖరిది ట్యాంకు పక్కన మగమనిషి.
కదిలిపోయాడు, మొహం పాలమీగడలా ఉంది.
వెనక పెన్సిలుతో, ఒత్తి రాసిన రెండు మాటలు:
ఎర్న్ కాదు.

డెస్మండ్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.
"రాత ఉంటే రేటు వేరు" అని
ఆ ఒక్కదాన్నీ చేతిలోంచి లాగి
మూత డబ్బాలోకి మార్చాడు. "యాభై."
"నిమిషం కింద అది ఒక డాలరు."
"నిమిషం కింద నువ్వు దాన్ని తిప్పలేదు."

పర్సులో ఉన్నది ఇరవై మూడు.
పదిటికి పది ఇచ్చి వచ్చేశాను.

రాత్రంతా ఆ రెండు మాటలే.
ఎర్న్ అని ఎన్నేళ్ళో ఎవరో అనుకున్నారా,
ఎర్న్ అయితే బాగుండునని
ఎవరో అడుగుతుంటే విసిగి రాశారా?
టోపీ నీడ చేతిరాతేనా అది?
ఈ ఉదయం ల్యాబులో మొదటి పలక.
వంకర ఏదీ లేదు.
రిపోర్టులో నేను రాయాల్సిందీ
"కాదు" అన్న మాటే.
ఎవరో ఇవాళ ఆ మాట విని
కుర్చీలో కూలబడి ఊపిరి వదులుతారు.

మధ్యాహ్నం ఆగలేక ఫోన్ చేశాను,
యాభై తెస్తాను, ఎవరికీ ఇవ్వొద్దని.

"తొంభై" అన్నాడు డెస్మండ్.
"అదేంటి?"
"నిన్న నువ్వు దాన్ని చూసిన చూపుంది చూడు,
అది కూడా కలిపాను."