తక్కెడ తట్ట కింద

ఆల్బుకర్కీ ఊరి చివర, కొండవైపు, రేకుల షెడ్డు.
సెప్టెంబరు కదా, రోడ్డవతల
ఇనప జల్లెడ డోలులో పచ్చిమిర్చి కాలుస్తున్నారు.
కిటికీల్లేని మా గదిలోకీ ఆ ఘాటు వస్తోంది.
అనుమతి పత్రం లేకుండా ఇక్కడికి రాగలిగింది అదొక్కటే.

బల్ల మీద రెండు పెట్టెలు.
రెండూ నేనే కట్టాను, ఒక్కో మరా నేనే బిగించాను.
అందుకే మొదట నమ్మకూడనిది నన్ను.
అలాగని నియమావళి మూడో పేజీలో రాసుంది.
రాసింది కూడా నేనే.

ఐగెరిమ్ నాణెం ఎగరేసింది.
బొరుసు.
ఎడమ పెట్టె ఆమెది.
స్టెప్పీ మైదానాల్లోని తన ఊరికి పట్టుకెళ్ళి
తీగ తీగా విప్పుకోవచ్చు, రంపంతో కోసుకోవచ్చు.
కుడిది ఇక్కడే ఉండి కొలుస్తుంది.

దాని మూత అంచుకి గోళ్ళరంగు పూశాను,
చమ్కీ కలిసినది, మందుల షాపులో నాలుగు డాలర్లు.
ఎక్కడ పడిన మెరుపు అక్కడే ఆరిపోయింది.
అదే తీరు మళ్ళీ పూయమంటే
నా వల్ల కూడా కాదు.
ఆమె ఒక ఫోటో తీసుకుంది,
కాపలా ఎర్నెస్టో ఒకటి.

చీరాల బజార్లో మా అమ్మ
కందిపప్పుకి ముందు ఖాళీ తక్కెడ ఎత్తమనేది.
తట్ట తిరగేసి కింద వేలితో తడిమేది,
చింతపండు ముద్ద అంటించారేమోనని.
ఏ ఏడూ దొరకలేదు. ఏ వారమూ మానలేదు.
కొట్టు పిచ్చయ్య నొచ్చుకోలేదు సరికదా
ఆమె గడప ఎక్కేసరికి తనే తట్ట తిప్పి చూపేవాడు.
బజారు మొత్తం మీద
అతను చీటీ రాయకుండా అరువిచ్చింది అమ్మకే.

మధ్యాహ్నం బండి దగ్గర పిల్ల
అందర్నీ అడిగే ప్రశ్నే అడిగింది: "ఎరుపా, పచ్చా?"
గుజ్జు గురించి.
మేం ముగ్గురం మొహాలు చూసుకుని నవ్వాం.
ఆ నవ్వు మీదే మాటలు కాస్త జారాయి.
తన అమ్మమ్మ ఆరేసిన దుప్పట్ల మీద
ఒక తెల్లవారుజామున బూడిద రాలిందన్నాడు ఎర్నెస్టో.
ఊరు తులరోసా.
మా ఇంట్లో పింగాణీ ఎప్పుడూ నేలమీదే పెట్టేవాళ్ళం,
అంది ఐగెరిమ్. భూమి కదిలేది.
కాగితప్పళ్ళేలు మడిచి చెత్తబుట్టలో వేశాం.

ముసుగేసిన పీపా తెచ్చారు.
లోపలేముందో ఆమెకి తెలియకూడదు,
ఉన్నది చెప్పినదేనని మాత్రం తెలియాలి.
పెట్టె అంతా వింటుంది,
ఒక్క మాట చెప్పి మిగతాది మరిచిపోతుంది.
మనుషుల్లో అలాంటివాళ్ళని నేనింకా చూళ్ళేదు.

పదిహేను నిమిషాలు.
ఎరుపు.

ఏసీ చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది.
నా చెవులు వేడెక్కాయి.
పై అధికారి గొంతు సవరించుకున్నాడు:
ఉత్తి సీసం. కావాలనే పెట్టాం, నీక్కూడా చెప్పకుండా.

ఐగెరిమ్ చాలాసేపు ఆ ఎర్ర దీపాన్నే చూసింది.
పొద్దుటి నుంచీ భుజానున్న సంచీ
అప్పుడు దించి కింద పెట్టింది.
"రేపు పచ్చ వెలిగితే రాసుకుంటాను," అంది.

వెళ్ళబోతూ ఆగి,
వంగి, బల్ల కింద చెయ్యి పెట్టి తడమబోయింది.
ఎవరూ చెప్పలేదు నాకు.
బల్ల నా వైపు అంచు పట్టుకుని
పైకెత్తాను.