మెడ

నల్లగొండ బస్టాండుల దిగేసరికి పొద్దు గుంకింది.
నల్ల టీషర్టు సంచిలనే ఉన్నది, మీద పుర్రె బొమ్మ.
మర్రిగూడల ఏసుకొని బస్సెక్కితే
"ఎవలు పోయిన్రు బిడ్డా" అంటరు ముసలోళ్ళు.
ఐదు రూపాయలిచ్చి, బస్టాండు బాత్రూంల మార్చుకున్న.

దేవరకొండ రోడ్డు మీద ఫంక్షన్ హాలు.
పొద్దుగాల ఎవలదో లగ్గమైంది.
స్టేజి ఎనుక థర్మాకోలు అక్షరాలల్ల
"సు" ఊడి కింద పడ్డది, "కన్య" ఒక్కటే మిగిలింది.
దాని కిందనే డ్రమ్ములు బిగిస్తున్నది జెరూషా,
పాస్టరు బిడ్డ, చర్చిల నేర్చుకున్నదట.
హాలంత ఇంకా బగార వాసన.

అరవై మూడు మందిమి. లెక్కపెట్టిన.
మిర్యాలగూడ రైసుమిల్లు కెల్లి ఇద్దరు,
జుట్టు నిండ ఊకతోనే వచ్చిన్రు.
సెల్లు రిపేరు ఇంతియాజు. నర్సింగు చదివే పిల్లలు ముగ్గురు.
డ్యూటీ బట్టల మీదనే ఒక లైన్‌మెన్.
హాలు ఓనరు గల్లా కాడ కూసోని
చెవులల్ల దూది పెట్టుకుంటుండు:
"పది గొట్టంగ బంజేయాలె, ఎనుక గల్లీల బాలింత ఉన్నది."

మొదటి దెబ్బకు
నోట్లె పండ్లు కదిలినయి.
మా చెల్కల బోరుబండి దిగిన రాత్రి
అరికాళ్ళ కెల్లి పైకి పాకిన వణుకు ఇదే.
ఆరు వందల ఫీట్లు పొయ్యి
తెల్లటి రాతిపొడి తప్ప
ఏం కక్కని రాత్రి.

గొంతు చించుకుంటున్నోడు ఏమంటుండో
ఒక్క ముక్క సమజైతలేదు.
ఆ రాత్రి మా లింగస్వామి కాక తిట్టిన తిట్లు గూడ
ఎవలకు సమజు గాలే.
మొగులును తిట్టాలని ఉండె ఆయనకు.
మెడ లేవక
నేలనే తిట్టిండు.

ముందట నర్సింగు పిల్ల జడ ఇప్పింది.
నేను మెడ ఇడిచిపెట్టిన.

మా ఇంట్ల అది చిన్న ముచ్చట గాదు.
పక్క కెల్లి పిలిస్తే కాక మెడ తిరుగది,
మనిషే మొత్తం తిరుగుతడు, తలుపు లెక్క.
అత్త నడుము ముప్పై ఏండ్లకే నేల దిక్కు వంగింది.
బాయి నీళ్ళు తియ్యగనే ఉంటుండెనట.
నేను నల్లా నీళ్ళొచ్చినంక పుట్టిన.
నా మెడ తిరుగుతది.
తిప్పుతున్న.

పీర్ల గుండం చుట్టు అలాయి ఆడినట్టు
నడుమ జాగ చేసి ఉరుకుడు, గుద్దుకునుడు.
బగార నూనె మీద కాలు జారి పడ్డ.
పడ్డోన్ని తొక్కొద్దు, ఇక్కడ ఉన్నదొక్కటే కానూను.
కాలరు పట్టి లేపిండు లైన్‌మెన్,
చెప్పు ఎటో పోతే అదీ తెచ్చిచ్చిండు.

మూడో పాట నడుమ కరెంటు పోయింది.
గిటార్లు కట్టెలైనయి.
అందరం లైన్‌మెన్ దిక్కు చూసినం.
"నన్నేం జూస్తరు, నాది చండూరు ఫీడరు."

జెరూషా ఆపలే.
చీకట్ల ఒక్క చర్మం, రెండు పుల్లలు.
పాడేటోడు మైకు కింద పెట్టిండు, ఉత్త గొంతుతోనే అరిచిండు.
మేం గూడ అరిచినం, మాటలు రాకున్నా.
ఎనుక గల్లీల పసిపోరడు ఏడ్సుడు ఇనొచ్చింది.
అప్పుడు ఆపింది.

ఆఖరి బస్సు దొరకలే.
తెల్లారి ఇల్లు చేరేసరికి చెవులల్ల కీచురాళ్ళు,
మెడ పట్టేసి కట్టె.
"ఎటు పోయినవ్‌రా?" అరుగు మీద కెల్లి కాక.
నేను మొత్తం మనిషినే తిరిగిన.
కాక చానసేపు చూసిండు. గార పండ్లన్ని కనవడేటట్టు నవ్విండు.

పక్కన కూసోని
ఫోన్ల ఎక్కించుకున్న రాత్రి పాట పెట్టి
ఒక ఇయర్‌ఫోను ఆయన చెవులకు దోపిన.
కండ్లు మూసుకున్నడు.
అరుగు మీద వేళ్ళు కదిలినయి, ఆగినయి.

"ఎన్ని ఫీట్లు పొయ్యిన్రురా?"