మూడు గీతలు

వంటింటి బల్ల మీద మూడు డబ్బాలు.
ఒకటి టపా వ్యాన్లకు వేసే రకం,
చలి పొద్దున కూడా మొదటి తొక్కుకే పలుకుతుంది.
ఒకటి మధ్యరకం, దాని గురించి ఎవరూ గొప్పలు చెప్పరు.
మూడోది ఎర్ర డబ్బా,
మూడు వందల డిగ్రీలు దాటితే గానీ నిద్రలేవదు,
ధర మాత్రం ముందే లేచి కూర్చుంది.

"ఎర్రదే తీసుకో ఇర్యా" అంటాడు తార్మో,
నా కాఫీలో మూడో కప్పు తాగుతూ.
"నాకు అదే. తగ్గేదేముంది?"

ఇరవై ఆరేళ్ళుగా బడి బస్సు నడుపుతున్నాను.
నా కుడికాలు నేర్చుకున్న చదువు ఒక్కటే:
పన్నెండు టన్నుల బరువును మంచు మీద
వెనక సీటు పిల్లాడి పాలపొట్లం తొణక్కుండా నిలపడం.
ఆదివారం అదే కాలికి, హాపాలంపి ట్రాకు మీద,
ఆ చదువంతా మరిచిపొమ్మని చెబుతాను.
ఇంకా తొక్కకు,
ఇంకా,
ఆ తెల్ల బోర్డు దాటనీ,
ఇప్పుడు.

పోయిన జూన్‌లో, ఏడో రౌండులో,
పెడల్ నానిన రొట్టెలా దిగిపోయింది.
ఆగమన్నాను. కారు విన్నది, ఒప్పుకోలేదు.
కంకరలో ఇరుసుల దాకా కూరుకుపోయి
గాజు మీద దుమ్ము వాలేదాకా కూర్చున్నాను.
పసుపు జెండా చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చిన పిల్ల
హెల్మెట్‌లోకి తొంగిచూసి, "బస్సు ఇర్యా!" అంది.
వెన్లా. మూడో తరగతి నుంచి ఎనిమిది దాకా నా బస్సే.
"పూర్తిగా ఆగేదాకా లేవొద్దనేదానివి కదా,
ఆగింది, ఇక లేవొచ్చు."

అందుకే ఈ డబ్బాలు.
పార్టుల కొట్టు హిల్కా మూడూ చూసుకోమని పంపింది,
నచ్చనివి తిరిగి తెచ్చెయ్యమంది.
వాటితో పాటు మూడు బుల్లి సీసాల రంగు:
పచ్చ, నారింజ, ఎరుపు.
"డిస్కు అంచున తలా ఒక గీత గీయి.
ఒక్కొక్కటి ఒక్కో వేడికి రంగు మారుతుంది.
ఎంత వేడి పుట్టిస్తున్నావో నోటిని అడక్కు,
ఇనుముని అడుగు."

ఆగస్టు. చెరువు మీది పొగమంచు ఇంకా ట్రాకు దిగిపోలేదు.
ఇరవై నిమిషాలు, ఒళ్ళు దాచుకోకుండా నడిపాను.
నా ముప్పై ఏళ్ళ కారులో ఊడగలిగినవన్నీ మోగాయి.
లోపలికొచ్చి, హ్యాండ్‌బ్రేకు ముట్టకుండా
చక్రం కింద చెక్కముక్క తోసి,
మోకాళ్ళు టక్కుమనగా గొంతుక్కూర్చున్నాను.

పచ్చగీత తెల్లబోయింది.
నారింజ ఒక పక్క మాత్రం పాలిపోయింది.
ఎర్రగీత నిన్న రాత్రి గీసినట్టే
తడితడిగా, నిక్షేపంగా ఉంది.

చాలాసేపు దాన్నే చూశాను.
నాలో నేను వెళ్ళే వేగం ఎప్పుడూ ఎర్రదే మరి.
ప్రతి మలుపులోనూ నాకు వినబడేది ఆ ఎరుపే.

"ఆ రంగులు నమ్మొద్దు" అన్నాడు తార్మో.
నీ డిస్కు మీదా గీద్దామా అన్నాను.
కాఫీ చల్లారిపోతోందన్నాడు.

మధ్య డబ్బా విప్పాను.
రాత్రి తొమ్మిదికి ఇంకా వెలుగుండగానే
సామిల్లు వెనక ఖాళీ రోడ్డు మీద
కొత్త ప్యాడ్లకు డిస్కును పరిచయం చేశాను:
ఎనభై నుంచి ఇరవైకి, మళ్ళీ ఎనభైకి,
పదిసార్లు, ఎక్కడా పూర్తిగా ఆపకుండా.
కాలిన జిగురు వాసన కారు నిండా.
పదకొండోసారి అవసరం లేదు.
అయినా తొక్కాను.

ఎర్ర డబ్బా హిల్కాకు తిరిగిచ్చేశాను.
ఎర్రగీత మాత్రం తుడవలేదు.

సోమవారం ఏడుంపావు, మొదటి స్టాపు.
ఎప్పుడూ బిర్చి చెట్టు దగ్గరే తొక్కేదాన్ని.
ఇవాళ చెట్టు దాటిపోయింది.
బస్సు ఆగవలసిన చోటే ఆగింది,
కాని పాలు తొణికాయి.
అద్దంలో ఆ పిల్లాడు
చొక్కా వంక చూసుకుని,
తర్వాత నా వంక చూశాడు.