కనుమ దగ్గర కత్తి

ఆండీస్ మీద, మూడువేల మీటర్ల ఎత్తున
అర్జెంటీనా బస్సు ఆగుతుంది.
ఫిబ్రవరిలోనూ ఇక్కడ చలే.
సంచులు బల్లమీదికి వస్తాయి.
కొందరు వరుసలోనే నిలబడి
ఉన్న పళ్లన్నీ గబగబా తినేస్తారు.
తిననీ.
కడుపులు తనిఖీ చేయడం నా పని కాదు.

ఇవాళ ఒక ముసలాయన, ఎలెయుతేరియో,
ఫారంలో "ఏమీ లేవు" అని రాసి,
నేను అడక్కముందే
కోటు లోపలి జేబులోంచి
ఒకే ఒక్క పీచ్ పండు తీశాడు.
"దాచలేదమ్మా, చలి తగలకూడదని."

కోశాను.
టెంకను ఆనుకుని
బియ్యపు గింజంత తెల్లటి ప్రాణం,
విల్లులా వంగి
బల్లమీదికి ఎగిరింది.
"దీనికీ పాస్‌పోర్టు కావాలా?"
ఆయనే నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు.
కొండ దిగితే చిలీ లోయంతా మావాళ్ల తోటలే.
నా పదో ఏట ఒక ఈగ,
రెండు కూడా కాదు,
ఉచ్చులో పడింది.
ఆ వేసవి మా పెదనాన్న రెనాన్
పండింది పండినట్టే గుంటలో పోసి
సున్నం చల్లాడు.
కుళ్లిన తీపి వాసన
నెలరోజులు మా అన్నంలో కూడా ఉంది.
ఎవరూ ఆ మాటెత్తలేదు.

పురుగును స్పిరిట్టు సీసాలో వేసి
చీటీ అంటించాను: తేదీ, బస్సు నంబరు.
జరిమానా కాగితం మీద సంతకం పెడుతూ
ఆయన గొంతు తగ్గించాడు:
"పారేసేముందు ఒక్కసారి వాసన చూడొచ్చా?
మా చెట్టుకి ఈ ఏడు ఇదొక్కటే కాసింది."

నిబంధనల్లో వాసన ఊసు లేదు.
సగం చెక్కను పట్టకారుతో పట్టుకుని
ఆయన ముక్కు దగ్గర పెట్టాను.
వెనక బస్సు హారన్ కొట్టింది.
నా చెయ్యి ఇంకా అక్కడే ఉంది.