ఫార్మాట్ చేసేదా?

పర్సులోంచి కాదు, పసుపుగుడ్డ ముడి విప్పి తీసింది
గోరంత కార్డు.
"చాటింపుకి ఇంక తొమ్మిది దినాలే నాయనా,
దీంట్లో మా ఆయన ఉండాడు" అనింది మునికుమారి,
సత్రంలో గదులు చిమ్మే చేతుల్తో
దాన్ని నాకు అందిస్తా.

కొర్లగుంటలో మెట్ల కింద నా అంగడి.
ఎండ షట్టర్ దాకా వచ్చి ఆగింది.
కార్డు బంగారు పళ్ళని పెన్సిల్ రబ్బరుతో తోమి
రీడర్లో పెడితే
కంప్యూటర్ మొదటి మాటే అది:
ఈ డ్రైవుని వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చేసేదా?

దానికి అదొక్కటే వైద్యం తెలుసు.
ఊడ్చేసి కొత్తగా ముగ్గేసుకోమంటుంది.
పన్నెండేళ్ళుగా నేను బతికేది
ఆ ప్రశ్నకి వద్దు అని నొక్కడం మీదే.

ముందు కార్డుకి అచ్చు నకలు తీసుకోవాల.
పుండు మీద నేరుగా చెయ్యి పెట్టగూడదు.
పచ్చగీత నిదానంగా పాకింది,
పదిహేడు శాతం దగ్గర నిలబడిపొయ్యింది,
కరెంటు పొయ్యింది, యూపీఎస్ కీచుమనింది.
ఆమె స్టూలు అంచున కూర్చోని
నా మొహం చదవతా ఉంది, తెర వైపు చూడకుండా.

"అన్నీ పొయ్యినాయా?"
పోలేదక్కా, లోపలే ఉండాయి.
ఏది యాడుందో చెప్పే పట్టీ ఒకటుంటుంది,
అది చెడింది, అంతే.

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.
"పెద్దాసుపత్రిలో డాక్టరు గూడా అచ్చం ఇదే చెప్పినాడు.
మాటలన్నీ లోపలే ఉండాయంట మా ఆయనకి.
పక్షవాతం వచ్చి ఆర్నెల్లు.
నీళ్ళు కావాలంటే సోమారం అంటాడు."

బదులు చెప్పడానికి
నాకూ ఏ పట్టీ దొరకలా.

పొద్దుగూకేటప్పటికి ఒక్కొక్కటే లేచినాయి,
పేర్లన్నీ రాలిపోయి, అంకెలు తగిలించుకోని.
చెరిపేసినవే ముందొచ్చినాయి, ఎప్పుడూ అంతే:
గ్యాసు రసీదు, తాకట్టు చీటీ, ఎవరిదో చెక్కుకుపోయిన మోకాలు,
పొరపాటున నొక్కుడుపడి తీసిన సొంత చెప్పులు, నాలుగు సార్లు.
ఇంకేవో కొన్ని వస్తే పక్కకి చూసినా.
పోయినవి రాబట్టేవాడికి
ఏది చూడగూడదో గూడా తెలిసుండాల.

అప్పుడు, గురవయ్య.
మాతంగి వేషం.
నుదుట రూపాయంత బొట్టు, చెంపలకి పసుపు,
సవరం జడ, కనకాంబరాలు,
మీసం గీసిన చోట పచ్చటి నీడ.
గొంతు దాకా ఉండాడు.
అక్కడ్నించి కిందికి అంతా బూడిద రంగు,
అడ్డగీతలు, ఒక మూల ఎవరి చేతిలోదో వేపమండ.

కింద సగం రాదక్కా, ఎంత తవ్వినా ఇంతే,
అంటా ఉంటే చెయ్యి అడ్డం పెట్టింది.
"కింద ఉండేది నా పెండ్లి కోక.
అది పెట్టిలో ఉండాది.
బొట్టు యాడ పెట్టాలో, పసుపు ఎంతవరకో,
మా హేమాద్రికి గావాల్సింది అదే.
ఈ ఏడు మొక్కు వాడు తీర్చాల గదా."

నోట్లు లెక్కపెడతా ఉంటే
అడుగున ఒక వీడియో మిగిలుంది.
బొమ్మ లేదు. నల్లగా తొమ్మిది సెకండ్లు.
నొక్కితే పంబల మోత, దాని మీదుగా
గురవయ్య,
తాతయ్యగుంట వీధి మొత్తానికీ వినపడేటట్టు
జాతరకి తిట్టాల్సిన బూతు,
ఏడు తరాల్ని కలుపుకోని,
ఒక్క అక్షరం తడబడకుండా.

రీఛార్జికొచ్చిన ఇద్దరు తలెత్తినారు.
ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది.
భుజాలు కదలతా ఉండాయి,
నవ్వో ఏమో నేను చూళ్ళేదు.

"ఇంకొక్కసారి తిట్టించు నాయనా."

మూడు సార్లు తిట్టించినా.
బిల్లులో మాత్రం
మెమరీ కార్డు, ఒకటి, అని రాసి
రేటు దగ్గర ఆగిపోయినా.