కుండలో దీపం

శుక్రవారం పొద్దు వాలకముందే
మా అమ్మమ్మ బ్రియొలాంజ
కిటికీ తలుపులు బిగించేది.
బోర్లించిన ద్రాక్షబుట్ట మీద కూర్చుని
అవిసెనారతో ఒత్తి పేనేది.

ఏడు పోగులు.
పోగు పోగుకీ ఒక పేరు:
వాళ్ళమ్మ, వాళ్ళమ్మకు అమ్మ, ఆవిడకు అమ్మ...
ఏడో పోగు దగ్గర వేళ్ళు ఆగేవి.
"ఈవిణ్ణి కోయింబ్రాకు పట్టుకుపోయారు.
పేరు అక్కడే కాలిపోయింది.
పోగు ఇటొచ్చింది."

ఆలివ్ నూనె పోసి, వెలిగించి,
మట్టికుండ అడుక్కి దించేది.
వీధిలోంచి చూస్తే మా ఇంట్లో చీకటే.
ఎస్ట్రేలా కొండల్లో గోడలన్నీ మూరెడు మందం రాళ్ళు.
అయినా గోడలకు చెవులుంటాయని
మా ఆడవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మాకు పుస్తకం లేదు.
పుస్తకం దొరికితే మనిషి దొరికినట్టే.
అందుకని ప్రార్థనల్ని
పిండి పిసికే చేతుల్లో దాచారు,
మంత్రసాని గొణుగుడులో,
ఆడపిల్లకు జడ వేసే ఆ పది నిమిషాల్లో.
తప్పు చెబితే నా జడ బిగిసేది.
ఇప్పటికీ తల దువ్వుకుంటుంటే
నాలుక మీదికి ఒక చరణం వచ్చి కూర్చుంటుంది.

హీబ్రూ అంతా పోయింది.
ఒక్క మాట మిగిలింది: అదొనాయ్.
అన్నేసి వందల ఏళ్ళు నోళ్ళలో నాని
ఏటి అడుగు గులకరాయిలా నున్నబడింది.
అర్థమేమిటని అడిగాను ఓసారి.
"అర్థం నాకెందుకే?
మింగకూడదు, ఉమ్మకూడదు.
నోట్లో పెట్టుకుని నడవాలి."

ఆదివారం చర్చికీ వెళ్ళేవాళ్ళం.
గడప దాటుతూ పెదవి కదపకుండా ఒక మాట అనుకునేవాళ్ళం.
అది ఇక్కడ కూడా రాయను.
పొగగూటి కింద వీధికి కనబడేలా సాసేజీలు వేలాడేవి.
లోపల పంది లేదు. కోడి, రొట్టె, బోలెడు వెల్లుల్లి.
మా ఇంట్లో అబద్ధం కూడా రుచిగా ఉండేది.

తర్వాత కాలం మారింది.
దూరదేశం నుంచి రబ్బీ వచ్చాడు, మంచివాడే.
ఇంకా సున్నం వాసన పోని ప్రార్థనామందిరంలో
మగవాళ్ళ చేతికి పుస్తకాలిచ్చి కూడబలుక్కోమన్నాడు.
ఆడవాళ్ళకు పైన, చెక్క జాలీ వెనక, బల్లలు.

అరవై ఏళ్ళు ఉపవాసం నాడు
ఇంటిల్లిపాది చేతా ప్రార్థన చెప్పించిన మనిషి
మోకాళ్ళు పట్టుకుని ఇరవైరెండు మెట్లెక్కి కూర్చుంది.
ఏమీ అనలేదు.

కింద మా మామయ్య అబీలియు
వేలు పెట్టి చదువుతూ చదువుతూ
నాలుగక్షరాల దగ్గర ఇరుక్కుపోయాడు.
అక్కడ రాసేది ఒకటి, పలికేది ఒకటట.
ఆ విద్య మాకంటే బాగా ఎవరికొచ్చు!
పైన జాలీ సందులోంచి
గులకరాయి జారిపడ్డట్టు
"అదొనాయ్" అంది అమ్మమ్మ.
తలలన్నీ పైకి లేచాయి.
రబ్బీ వేలు కూడా పేజీ మీద ఆగింది.

ఇక భయం లేదు, దీపాలు కిటికీలో పెట్టుకోండన్నాడాయన.
పెట్టింది. కొత్త ఇత్తడి స్తంభాలు, తెల్ల కొవ్వొత్తులు.
పెట్టి, వెనకగదిలోకెళ్ళి
మళ్ళీ కుండ దించింది.
"ఎందుకు, ఎవరూ చూడరుగా?"
"చూడ్డానికి కాదే.
వాళ్ళకు కిటికీ అలవాటు లేదు."

నేనుండేది లిస్బన్‌లో, ఆరో అంతస్తులో.
కుండ లేదు, జావ కాచే లోతుగిన్నె ఉంది.
అవిసెనార దొరక్క పాత దుప్పటి అంచు చింపాను.
నిన్న సాయంత్రం లిఫ్టు చప్పుళ్ళ మధ్య
కూర్చుని పేనాను.

ఎనిమిది పోగులు.
ఎనిమిదోది కాస్త మందం,
తిన్నగా అంటుకోదు,
చిటపటమని గిన్నెంతా సణుగుతుంది.