మోచెయ్యి

హనుమంతనగర్లో వాన.
టికెట్టు రెండొందలు. గొడుగు పెట్టడానికి చోటు లేదు,
తడిసినదాన్ని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని
ఐదో వరసలో కూచున్నాను.

మూడేళ్ళుగా నాకు తెలిసిన వకుళ గొంతు
హాస్టలు స్నానాల గదిలోది.
గీజరు గురక మీద, బకెట్టు నిండే చప్పుడు మీద
తేలుతూ మునుగుతూ వచ్చేది.
"నాక్కూడా నీళ్ళు మిగుల్చు మే" అని తలుపు బాదేదాన్ని.
అంతకు మించి ఆ పాటకు నేనిచ్చిన మర్యాద లేదు.

ఈ రాత్రి తలుపు లేదు.
హార్మోనియం ఒకసారి ఊపిరి పీల్చుకుంది,
నీలం వెలుతురు చెక్కనేల మీద పరుచుకుని ఏరయింది,
ఆ ఒడ్డున
డెబ్బయ్యేళ్ళ అవ్వ ఒకతి
రేవు సుంకం అడుగుతూ కన్నడంలో పాడుతోంది.

ఇరవైతొమ్మిదేళ్ళ మనిషి,
పగలంతా ఎవరెవరి జీతాలో లెక్కగట్టే మనిషి,
జుట్టుకు ముగ్గుపిండి లాంటిదేదో పూసుకుని
ఒక్కొక్క మోకాలినీ బతిమాలుకుంటూ నడుస్తోంది.
తను నిజంగా ముసలిదయ్యేనాటికి నేనెక్కడుంటానో,
ఏ ఊళ్ళో, ఎవరి పక్కన.
ఆ మొహాన్ని అడ్వాన్సుగా చూసేశాను.

చెయ్యి ఊపాను. సిగ్గుమాలిన పని, తెలుసు.
ఆమె చూపు నా మీదుగానే వెళ్ళింది,
ఆగని రైలు చిన్న స్టేషను మీదుగా పోయినట్టు.
దీపాలు కళ్ళలో కొడుతుంటే అక్కడినుంచి
అందరూ ఒకటే చీకటి అని
తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం
కాస్త గుచ్చుకుంది.

కథ పెద్దదేం కాదు.
వంతెన వచ్చింది, పడవలు ఆగాయి,
అవ్వ మాత్రం రోజూ వచ్చి సుంకం డబ్బా ముందు కూచుంటుంది.
"ఇంకా ఎవరైనా వస్తున్నారా అవ్వా?"
బడికి పోయే పిల్ల అడుగుతుంది.
"రాకేం, పొద్దున్నే ముగ్గురొచ్చారు"
అంటూ అవ్వ
కుడిచేత్తో ఎడమ మోచెయ్యి గీరుకుంది.

అబద్ధమని హాలంతటికీ తెలిసిపోయింది.
ముందు నవ్వారు. తర్వాత నవ్వు ఎక్కడో ఇరుక్కుంది.
పక్కనున్నాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.
నేను కదల్లేదు.
ఆ చెయ్యి నాది.

"అద్దె కట్టేశాను మేడం" అన్నప్పుడు,
"ఏం లేదు, తలనొప్పి" అన్నప్పుడు,
"వాణ్ణి ఎప్పుడో మర్చిపోతి మే" అని
గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు కూడా
అది అక్కడికే పోయేదన్నమాట.
అన్నీ తెలిసి, ఒక్కమాట అడక్కుండా,
చిల్లర దాచినట్టు దాచిపెట్టి
ఇవాళ రెండొందల మంది ముందు ఖర్చుపెట్టింది.

దొంగతనమే. కానీ
నా అబద్ధాలకు బాణీ కట్టినవాళ్ళు
ఇంకెవరున్నారు?

చివరి పాటలో "మనె" అనాల్సిన చోట
"ఇల్లు" అని జారింది.
తబలా అతను తలెత్తి చూశాడు, తాళం తప్పలేదు.
హిందూపురం దాన్ని, నేనొక్కదాన్నే నవ్వుకున్నాను.

తెర పడ్డాక, వెనకవైపు సందులో
కొబ్బరినూనెతో ముడతలు తుడుచుకుంటూ,
సగం మొహం అవ్వ, సగం మొహం వకుళ,
"ఎట్లుండె మే? నిజం చెప్పు" అంది.

చాలా అనుకునే వచ్చాను.
ఆ స్నానాల గది తలుపు గురించైనా చెబ్దామనుకున్నాను.
"బాగుండె" అన్నాను.

ఆమె నా మొహం చూళ్ళేదు.
కళ్ళు దించి
నా ఎడమ మోచెయ్యి చూసింది.

వాన తగ్గలేదు.
నా రెండు చేతులూ
గొడుగు పిడి మీదే ఉన్నాయి.